సముద్రమ్మ పిలిచిన పేర్లు

సముద్రం వేషం వెయ్యమని వీరేంద్ర అడగటానికి వచ్చినప్పుడు ఇందిరాదేవి నవ్వేసింది. గుడివాడ చుట్టుపక్కల పరిషత్తుల్లో ఆవిడ పాతికేళ్ళకు పైగా రాణుల వేషాలు, దేవతల వేషాలు వేసిన మనిషి. హార్మోనియం మీద శ్రుతి అందుకుని రాగం తీస్తే జనం ఒన్స్ మోర్ అని అరిచేవాళ్ళు. ఇప్పుడా నాటకాలు ఆడించేవాళ్ళే కరువయ్యారు. ఏడాదికి రెండు మూడు పిలుపులొస్తే గొప్ప.

“నీళ్ళకి వేషమేంటి బాబూ? చీర కడతావా?” అంది.

“కడతానండీ. కిరీటం కూడా పెడతాను,” అన్నాడు వీరేంద్ర.

అతను జూనియర్ కాలేజీలో లెక్చరర్. నాటకాల పిచ్చి. ఆ వేసవిలో టీవీలో ఒక బొమ్మల సినిమా మళ్ళీ మళ్ళీ వేశారు. ఎక్కడో విదేశంలో తీసి తెలుగు మాటలు పెట్టిన సినిమా. పేరు ‘అల కింద ఊరు’. సముద్రపొడ్డున ఒక ఊరు. మిన్ను అనే పిల్ల అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు ఒక పెద్ద అల వచ్చి ఆ ఊరిని మింగేస్తుంది. పిల్ల తిరిగొచ్చి ఒడ్డున నిలబడి సముద్రంతో పోట్లాడుతుంది. ఏడుస్తుంది, పాడుతుంది. చివరికి సముద్రమ్మ కరిగి, మింగినవాళ్ళని ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలుస్తుంది. పిలిచినవాళ్ళు పిలిచినట్టు నీళ్ళలోంచి లేచి ఇళ్ళకి వెళ్తారు. ఊళ్ళో పిల్లలందరికీ ఆ పాటలు నోటికొచ్చు. దాన్ని సంగీత నాటకం చేస్తే పిల్లలతో పాటు పెద్దలూ వస్తారని వీరేంద్ర ఆశ. కళాసమితి ప్రెసిడెంటు, రైసుమిల్లు కాంతారావుగారు సరేనన్నారు.

ఇందిరాదేవి ఒప్పుకుంది. ఇంట్లో కూర్చుని గొంతు తుప్పు పట్టించుకోవటం కంటే నీళ్ళైనా నయమే అనుకుంది.

అల కోసం వీరేంద్ర పెడన వెళ్ళి కలంకారీ పనివాళ్ళతో నీలం గుడ్డ మీద చేపలూ నాచూ అద్దించుకొచ్చాడు. స్టేజీ వెనక సరుగుడు బాదులతో కట్టిన మంచె మీద నుంచి ఆ గుడ్డ పైకి లేచి, డ్రమ్ములు మోగుతుండగా ఊరి సెట్టు మీద పడుతుంది. నటులంతా దాని కింద పడుకుంటారు. ఆ తర్వాత నీలం చీర, వెండి కిరీటంతో ఇందిరాదేవి నిలబడి పాడుతూ పేర్లు పిలవాలి. పిలిచినవాళ్ళు గుడ్డ పక్కకి నెట్టి లేవాలి. మిన్ను వేషం లాస్య అనే పదేళ్ళ పిల్లది. గొంతులో మంచి జీర ఉంది.

గుడివాడలో మొదటి ఆటకి హాలు నిండింది. తెరపడ్డాక ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. చేప వేషం కింద నుంచి కాళ్ళు కనపడుతున్నాయని పిల్లలు నవ్వారు. సినిమాలో సముద్రమ్మకి ఎనిమిది చేతులుంటే ఇక్కడ రెండే ఉన్నాయని ఒక బుడతడు వాళ్ళమ్మ దగ్గర పేచీ పెట్టాడు. ఇందిరాదేవి నాటకాలు ఒక్కటీ వదలకుండా చూసిన తాతారావుగారు గ్రీన్‌రూమ్ గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, నేను వక్కపొడి నోట్లో వేసుకునేలోపు నీ రాగం అయిపోయింది. పద్యమన్నది ఒక్కటీ లేదు,” అని నొచ్చుకున్నాడు. టీవీలో ఊరికే వచ్చేదాన్ని ఇంత కష్టపడి ఆడటం ఎందుకని ఒకరన్నారు. కానీ అల గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట. ఒళ్ళు జలదరించిందన్నారు. బందరు టౌన్‌హాల్లో ఆడినప్పుడూ అంతే. అక్కడి పేపరాయన పాటలు పలచగా ఉన్నాయని రాసి, అలని మాత్రం ఆకాశానికెత్తేశాడు.

వీరేంద్ర అలని ఇంకా పెద్దది చేశాడు.

తర్వాతి పిలుపు దివిసీమ నుంచి వచ్చింది. కోడూరు అవతల, సముద్రం వైపున్న ఊరు. యువజన సంఘం ప్రెసిడెంటు భూషణం స్వయంగా గుడివాడ వచ్చి అడిగాడు. వీరేంద్ర సంతోషంగా తలూపుతుంటే ఇందిరాదేవికి గుండెల్లో రాయి పడింది.

ఉప్పెన వచ్చిన ఏడు ఆవిడకి ఇరవయ్యేడేళ్ళు. నాటక సమాజం తరఫున ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు పోగుచేసి లారీలో అవనిగడ్డ దాకా తీసుకెళ్ళారు. అక్కడి నుంచి ముందుకి వెళ్ళలేకపోయింది. గాలి అటునుంచి వీస్తోంది. ఆ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లారీ చాటున కూర్చుండిపోయింది. పాతికేళ్ళు అయినా ఆ పూట ఆవిడకి కళ్ళకి కట్టినట్టే ఉంది.

“భూషణం బాబూ, మీ ఊళ్ళో ఆ అల చూపించటం బాగుంటుందా? మిగతా కథ ఆడి, దాన్ని తీసేద్దాం,” అంది.

“తీసేస్తే ఇంకేముందండీ?” అన్నాడు భూషణం. అతనికి ఇరవై రెండు మూడేళ్ళుంటాయేమో. “మాకా మాట వింటమే గానీ చూసింది లేదు. మా ఈడువాళ్ళందరం ఆ తర్వాత పుట్టినోళ్ళమే. అయినా చివర్లో అందరూ తిరిగొస్తారు గదండీ. మా పెద్దోళ్ళకీ కాస్త సంతోషంగా ఉంటది.”

వీరేంద్ర ఇందిరాదేవి వంక చూసి, చూశారా అన్నట్టు కళ్ళెగరేశాడు.

ఆ ఊరి హైస్కూలు ఆవరణలో స్టేజీ వేశారు. సాయంత్రం పొద్దుగూకేసరికి జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. పిల్లలు ముందు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు వెనక. మొదటి పాటలకి పిల్లలు గొంతు కలిపారు. చేప కాళ్ళకి ఇక్కడా నవ్వారు. ఆ తర్వాత డ్రమ్ములు మొదలయ్యాయి. నీలం గుడ్డ మంచె మీద నుంచి లేచింది.

స్టేజీ పక్కన తన వంతు కోసం నిలబడ్డ ఇందిరాదేవి జనంకేసి చూసింది. పిల్లలు ఓ అని అరుస్తున్నారు. వాళ్ళ వెనకనున్న పెద్దల్లో ఒక్కరు కదల్లేదు. అల పడింది. వెనక వరసల్లో కొందరు మగవాళ్ళు లేచి, తుండుగుడ్డలు దులుపుకుని, గేటు దాటి చీకట్లోకి వెళ్ళిపోయారు. ఒకావిడ మనవడి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఆ చెయ్యి పీకేసుకుని చూస్తున్నాడు.

ఇందిరాదేవి స్టేజీ మీదకి వెళ్ళి పాట అందుకుంది. ఒక్కొక్క పేరే పిలిచింది. గుడ్డ కింద నుంచి పిల్లలు లేచారు, తల్లులు లేచారు, జాలరి లేచాడు, బడిపంతులు లేచాడు. ఎక్కడా చప్పుడు లేదు. తెరపడినా చప్పట్లు పడలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతుకి అలాంటి నిశ్శబ్దం ఎదురుకాలేదు.

“అందరూ బాగుందనే అంటన్నారండీ,” అని భూషణం లోపలికొచ్చి చెప్పాడు గానీ అతని మొహంలో కళ లేదు. అతని వెనకే వచ్చిన కుర్రాళ్ళు మాత్రం ఆ అల ఇంకొక్కసారి లేపి చూపించమని వీరేంద్ర చుట్టూ మూగారు. ఒక ముసలాయన గుమ్మం దగ్గర ఆగి, ఎవరినీ ఉద్దేశించనట్టు, “నీలంగా రాలేదయ్యా అది. నల్లగా వచ్చింది,” అనేసి వెళ్ళిపోయాడు.

తరగతి గదిలో బెంచీ మీద కూర్చుని ఇందిరాదేవి కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటోంది. ఒకావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, వంగకుండా ఉంది. మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది.

“నా పేరు సుబ్బమ్మ అంటారమ్మా,” అంది. “పాట చాలా బాగా పాడావు తల్లీ. అందరూ లేచారు.”

“సంతోషమమ్మా.”

“మా పిల్లలు ఇద్దరమ్మా. పెద్దది సామ్రాజ్యం, చిన్నోడు రంగబాబు. వాళ్ళ పేర్లు గూడా పిలవరాదా ఆ పాటలో? ఒక్కసారి.”

ఇందిరాదేవి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. “ఇది నాటకమమ్మా,” అంది.

“తెలుసమ్మా. ఆ మాత్రం తెలవదా?” అంది సుబ్బమ్మ. మందలించినట్టు లేదు, బతిమాలినట్టూ లేదు. “ఆ గుడ్డ మా అక్క ఊరు పెడనలో అద్దిందని గూడా చెప్పారు. నాటకమైనా సరే. పిలిస్తే లేస్తన్నారు గదా. మావాళ్ళకి పిలుపే లేదు. దొరకలేదు, చూళ్ళేదు, పూడ్చలేదు. ఇంటోకి చేపలు తెచ్చి కడుగుతా ఉంటే ఒక్కోసారి…” అని ఆగింది. “ఆ పేర్లు బయటికి అని ఎన్నేళ్ళయిందో. ఇంటాయన అననియ్యడు.”

“మళ్ళీ ఆట ఎక్కడేస్తారో చెప్పు తల్లీ, నేనొస్తాను,” అంది మళ్ళీ తనే.

మొవ్వలో వేస్తున్నామని చెప్పింది ఇందిరాదేవి. చెప్పాక, ఎందుకు చెప్పానా అనుకుంది. తిరుగుదారిలో వ్యాన్లో అందరూ నిద్రపోతుంటే ఆవిడ ఆ రెండు పేర్లనీ లోలోపల రాగంలో పెట్టి చూసుకుంది. సామ్రాజ్యం తేలిగ్గానే ఇమిడింది. రంగబాబు దగ్గర తాళం తప్పుతోంది. పులిగడ్డ వారధి దాటేలోపు అదీ కుదిరింది.

వీరేంద్రకి చెబితే భుజాలెగరేశాడు. “ఒక్క ఆటకే కదండీ. పాడండి. పాట కాస్త పెరుగుతుంది, అంతే.” గుడ్డ కింద పడుకునే పిల్లల్లోంచి ఒక ఆడపిల్లనీ ఒక మగపిల్లాణ్ణీ పిలిచి, ఈ పేర్లు విన్నప్పుడు మీరు లేవాలి అని ఇందిరాదేవి నేర్పింది.

మొవ్వలో ఆట రోజున సుబ్బమ్మ ముందే వచ్చింది. పక్కింటి రాజమ్మని తోడు తెచ్చుకుంది. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, స్టేజీ ముందు చాప మీద కూర్చుంది. అల పడ్డప్పుడు కళ్ళు మూసుకుంది. పాట మొదలవగానే తెరిచింది.

“సామ్రాజ్యం…” అని ఇందిరాదేవి పిలిచింది. గుడ్డ కదిలి, రెండు జడల పిల్ల లేచి నిలబడింది. “రంగబాబూ…” అంది. చిన్న పిల్లాడు లేచి, నేర్పినట్టుగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని స్టేజీ దిగి నడిచి వెళ్ళాడు.

సుబ్బమ్మ ఏడవలేదు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూసింది. ఆ తర్వాత చాప మీద వొరిగి, పిల్లలు నిద్రపోయినట్టు, రాజమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. నాటకం అయ్యాక రాజమ్మ ఒక్కతే గ్రీన్‌రూమ్‌కి వచ్చింది.

“ఇన్నేళ్ళకి మనిషి కాస్త తెరిపిన పడ్డదమ్మా. మళ్ళీ ఎప్పుడని అడగమంది,” అని చెప్పింది. గుడివాడ పోటీల్లో వేస్తామంది ఇందిరాదేవి.

మొవ్వ జనం మాత్రం నాటకం గురించి మంచిగా చెప్పుకోలేదు. మైకులు గరగరమన్నాయనీ, పాటలు సినిమాలో విన్నట్టు లేవనీ, చివరి పాట సాగదీశారనీ అన్నారు. ఎవరో తెలియని పేర్లు మధ్యలో ఎందుకొచ్చాయో అర్థం కాలేదన్నారు. కాంతారావుగారు ఆ మాటలన్నీ విన్నారు. తర్వాత పెదపారుపూడిలో ఆడినప్పుడూ అవే మాటలొచ్చాయి. గుడివాడలో జరిగే పెద్ద పోటీలకి హైదరాబాదు నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారు, ఈ లోపు పాటలన్నీ విజయవాడలో రికార్డు చేయించి ట్రాక్ వేద్దాం, నటులు పెదవులు కదిపితే చాలు అని ఆయన తీర్మానించారు.

“జనం ఏమంటే అదే వినాలి కదండీ. మనం ఆడేది వాళ్ళ కోసమే,” అన్నాడు వీరేంద్ర.

విజయవాడ స్టూడియోలో చెవులకి డబ్బాలు తగిలించుకుని ఇందిరాదేవి పాడింది. పేర్ల దగ్గరకొచ్చి ఆగి, “ఆ రెండూ కూడా పెడదామా?” అని అడిగింది.

“ఏ రెండు? ఓ, అవా,” అన్నాడు వీరేంద్ర. “ఇది రేపు హైదరాబాదు కూడా వెళ్తుందండీ. అక్కడ వాళ్ళెవరో ఎవరికి తెలుసు? పైగా న్యాయనిర్ణేతలు అసలు కథలో ఉన్న పేర్లు చూసుకుంటారు. ఆవిడ ఎలాగూ ఒకసారి వినేసింది కదా.”

అద్దం వెనక రికార్డింగ్ కుర్రాడు చెయ్యి ఊపుతున్నాడు. ఇందిరాదేవి వాదించలేదు. దివిసీమ నుంచి సుబ్బమ్మ గుడివాడ దాకా ఏం వస్తుందిలే అని సర్దుకుంది. పాట ఒకే ఊపులో పూర్తయింది. ఇంత బాగా ఆవిడ ఎప్పుడూ పాడలేదని స్టూడియోలో అందరూ మెచ్చుకున్నారు.

పోటీ రోజున హాలు కిటకిటలాడింది. స్పీకర్లు కొత్తవి తెప్పించారు. తెర చీలికలోంచి చూసిన ఇందిరాదేవికి మూడో వరసలో సుబ్బమ్మ కనపడింది. అదే ఉతికిన చీర. పక్కన రాజమ్మ లేదు. తెల్ల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ అంచున ఇబ్బందిగా కూర్చున్న ఒక ముసలాయన ఉన్నాడు. మెడలో కండువా రెండు చేతులతో పట్టుకుని స్టేజీ వంకే చూస్తున్నాడు. పేర్లు అననియ్యని ఇంటాయన ఇతనే అయి ఉంటాడని ఆవిడకి తట్టింది.

పరుగున వీరేంద్ర దగ్గరకి వెళ్ళింది. “బాబూ, ఆ చివరి పాట ట్రాక్ ఆపించు. నేను నోటితో పాడతాను.”

“ఇప్పుడా? మీకు మైకే లేదండీ. ఆర్కెస్ట్రా వాళ్ళు కూడా రాలేదు.”

“మధ్యలో కాసేపు ఆపినా చాలు. రెండు పేర్లే.”

“ఇందిరమ్మగారూ,” అన్నాడు వీరేంద్ర. అతను మర్యాద తప్పలేదు. “ముప్పై మంది పిల్లలు రెండు నెలలు కష్టపడ్డారు. మీరే చెప్పండి.”

ఆవిడ వెనక్కి తిరిగింది. లేచే పిల్లలిద్దర్నీ వెతికి మాట చెబుదామనుకునేలోపు మొదటి గంట కొట్టారు.

అల ఆ రోజు లేచినట్టు ఎన్నడూ లేవలేదు. డ్రమ్ముల మోతకి కుర్చీలు అదిరాయి. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత చీకట్లో నీలం దీపం వెలిగి, ఇందిరాదేవి గొంతు స్పీకర్లలోంచి వచ్చింది. ఆవిడ పెదవులు కదిపింది. పేర్లు ఒక్కొక్కటీ పడుతున్నాయి, ఒక్కొక్కరే లేస్తున్నారు. చివరి పేరు దగ్గరపడుతోంది. మూడో వరసలో సుబ్బమ్మ ముందుకి వంగింది. ముసలాయన కండువా వదిలేసి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

ఇందిరాదేవి పెదవులు కదపటం ఆపింది. ఊపిరి తీసుకుని, పొట్టలోంచి గొంతు లాగి, “సామ్రాజ్యం…” అని పిలిచింది. “రంగబాబూ…” అని పిలిచింది. ఒకప్పుడు మైకు లేకుండా మైదానం చివరిదాకా వినపడిన గొంతది. కానీ పైన స్పీకర్లలోంచి ఆవిడ గొంతే, అంతకంటే పెద్దగా, వేరే పేరు పిలుస్తోంది. గుడ్డ కింద పడుకున్న పిల్లలకి వినపడలేదు. పక్కన నిలబడ్డ లాస్య మాత్రం తలెత్తి బెదురుగా చూసింది. ఇందిరాదేవి మళ్ళీ పిలిచింది. వీణలూ వయొలిన్లూ పైకి లేచి పాటని చివరికి తీసుకెళ్ళాయి. దీపాలన్నీ వెలిగాయి. మిగిలిన పిల్లలంతా ఒక్కసారిగా లేచి చేతులు కలిపి నవ్వుతూ నిలబడ్డారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ నిలబడ్డవాళ్ళ వెనక మూడో వరస కనపడలేదు.

కిరీటంతోనే ఆవిడ హాలు బయటికి వచ్చింది. మెట్ల మీద జనం గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. సినిమా కంటే బాగుందని ఒకరు, ట్రాక్ పెట్టాక నాటకానికి ప్రాణం వచ్చిందని ఒకరు. తాతారావుగారు ఎదురొచ్చి, “ఆఖర్న నోరు తెరిచి ఏదో అన్నావు, పాటకీ నోటికీ పొంతన కుదరలేదు. చూసుకోవాలమ్మా,” అన్నాడు. సుబ్బమ్మా వాళ్ళూ ఎక్కడా లేరు. అవనిగడ్డ బస్సు అప్పుడే వెళ్ళిందని బస్టాండులో చెప్పారు.

నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ వారంలోనే ఇందిరాదేవి కోడూరు బస్సెక్కి దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ ఊరు వెళ్ళింది. సుబ్బమ్మ ఇల్లు అడిగితే ఇట్టే చూపించారు. ఉప్పెన తర్వాత గవర్నమెంటు కట్టించిన వరస ఇళ్ళలో చివరిది. ముసలాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు.

“రండమ్మా. నా పేరు నరసయ్య,” అన్నాడు. లోపలికి చూసి, “నీ కోసం వచ్చారే,” అన్నాడు.

లోపల సుబ్బమ్మ నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇందిరాదేవి ఎదురుగా కూర్చుంది. ఏం జరిగిందో చెప్పింది. టేపులో పాట గురించి చెప్పింది, పైన స్పీకర్ల గురించి చెప్పింది. “నేను పిలిచానమ్మా. రెండుసార్లు పిలిచాను.”

“పిలిచావేమోలే తల్లీ,” అంది సుబ్బమ్మ. “నీ నోరు ఆడటం చూశాను.”

“ఇప్పుడు పాడతాను. ఇక్కడే, నీ ముందు.”

సుబ్బమ్మ తల అడ్డంగా ఊపింది. “వద్దమ్మా. మొవ్వలో అందరూ చూస్తా ఉండగా లేచారు. ఇక్కడ చూసేదెవరు? నేనూ ఈయనే గదా. మేం చూసిందే చూడాల. ఆ రోజు గూడా ఇంతే. నేను పిలుస్తానే ఉన్నా. గాలి హోరులో నా గొంతు నాకే వినపళ్ళేదు. నీ తప్పేం లేదు. ఇక నన్ను వదిలెయ్యి.”

ఇందిరాదేవి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. సుబ్బమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వస్తే నరసయ్యే వెళ్ళి దించాడు.

అతను రోడ్డు దాకా తోడొచ్చాడు. రొయ్యల చెరువు గట్టు మీద ఆవిడకి ముందు నడిచాడు.

“మొవ్వ పోతానంటే తిట్టానమ్మా దాన్ని,” అన్నాడు. “పిల్లల పేర్లు స్టేజీల మీద అరిపించుకుంటావా అన్నాను. కొట్టబోయాను గూడా. అయినా పోయి వచ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిచ్చి, సామ్రాజ్యానికి రెండు జడలేశారయ్యా అంది. పాతికేళ్ళ తర్వాత ఆ పేరు విన్నాను ఇంట్లో. రోజూ చెప్పేది. వాడు దాని చెయ్యి పట్టుకున్నాడంట. మీరు నేర్పారా అది?”

“నేనే నేర్పానండీ.”

“అట్టాగే పట్టుకునేవాడు.” అతను ఆగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. “నాకూ వినాలనిపించిందమ్మా. అందుకే వచ్చాను గుడివాడ. సిగ్గుపడతానే వచ్చాను. ఇప్పుడది మళ్ళీ పేరెత్తటం లేదు. తిండీ సరిగా తినటం లేదు.”

రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర నలుగురైదుగురు బస్సు కోసం నిలబడి ఉన్నారు. రొయ్యల ట్రేలు పక్కన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. నరసయ్య వాళ్ళని ఒకసారి చూసి, ఇందిరాదేవికి దగ్గరగా జరిగాడు.

“ఇక్కడ పిలుస్తారా అమ్మా? నా కోసం.”

ఆవిడ చుట్టూ చూసింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. శ్రుతి లేదు, తాళం లేదు. గొంతు సవరించుకుని రాగం తీసింది. టీ బడ్డీ దగ్గరివాళ్ళు తలలు తిప్పారు. ఆవిడ సామ్రాజ్యాన్ని పిలిచింది. రంగబాబుని పిలిచింది. గొంతు బాగానే పలికింది. రోడ్డుకి అవతల ఉప్పునేల, ఆ వెనక మడచెట్ల వరస. ఎక్కడా ఏదీ కదల్లేదు. రొయ్యల ట్రే ఆడవాళ్ళలో ఒకావిడ రెండో ఆవిణ్ణి మోచేత్తో పొడిచి ఏదో అడిగింది.

నరసయ్య తల వంచుకుని విన్నాడు. పాట ఆగాక కూడా అలాగే నిలబడ్డాడు, ఇంకా ఏదో ఉందన్నట్టు.

“ఇంతేనా అమ్మా?” అన్నాడు.

“ఇంతేనండీ,” అంది ఇందిరాదేవి.

అతను తలూపాడు. కోడూరు వైపు వెళ్ళే బస్సు మలుపు తిరిగింది. చెయ్యెత్తి దాన్ని ఆపి, ఆవిడ ఎక్కేదాకా నిలబడి, వెనక్కి గట్టు మీదకి నడిచాడు.

ఆ తర్వాత ఇందిరాదేవి ఆ వేషం వెయ్యలేదు. గొంతు టేపులో ఉంది కాబట్టి వీరేంద్ర వేరే అమ్మాయికి కిరీటం పెట్టాడు. నాటకం హైదరాబాదులో రెండు ఆటలు ఆడింది. సముద్రమ్మ గొంతు చాలా బాగుందని అక్కడ అందరూ చెప్పుకున్నారు.